చేతిపనిలో చదువు: డాక్టర్ జాకీర్ హుస్సేన్

హైదరాబాదు పాతనగరమున, మూసీనది ఉత్తరపు ఒడ్డున, బేగంబజారు కలదు. టోకు వర్తకమునకు పేరుపడిన ఆ పేటలో 1897 ఫిబ్రవరి 8వ తేదీన ఫిదా హుస్సేన్ ఖాన్ అను న్యాయవాది యింట ఒక శిశువు జన్మించెను. అతడే తరువాత భారత రాష్ట్రపతి యైన జాకీర్ హుస్సేన్. పదవుల మాట అట్లుండనిండు. పలకకు, పుస్తకమునకు తోడుగా ప్రత్తిని, చెక్కను, తోలును తరగతిలోనికి తెచ్చిన ఉపాధ్యాయుడుగా ఆయనను మనమిచట తలచుకొందము.

జాకీర్‌కు పదియేండ్ల ప్రాయమున తండ్రి మరణించెను. తల్లి బిడ్డలతో కూడ పూర్వుల ఊరైన కాయంగంజునకు తరలిపోయెను. అది నేటి ఉత్తరప్రదేశ్‌లో నున్నది. 1911లో ఆమెయు ప్లేగువాత బడెను. జాకీర్ ఇటావా, అలీగఢ్‌లలో చదివెను. 1920లో గాంధీజీ పిలుపు విని కళాశాలను వీడి, జామియా మిలియా ఇస్లామియా అను జాతీయ విద్యాలయ స్థాపనలో పాల్గొనెను. పిమ్మట జర్మనీకేగి, 1926లో బెర్లిన్‌లో అర్థశాస్త్రమున డాక్టరు పట్టము పొందెను.

అర్థశాస్త్రము చదువబోయినవాని మనస్సును అచట బాలల చదువు ఆకర్షించెను. మ్యూనిక్ నగరపు విద్యావేత్త కెర్షెన్‌స్టైనర్ భావములు ఆయనకు మిక్కిలి నచ్చెను. కెర్షెన్‌స్టైనర్ తన గ్రంథమున ఒక చక్కని ఉదాహరణ మిచ్చెను. గోరువంక జాతి పక్షికై ఒక బాలుడు చెక్కగూడు చేయబూనినాడనుకొనుడు. ముందుగా దాని రూపమును కాగితముపై గీయవలెను. పలకల కొలతలు లెక్కకట్టవలెను. ఆ పక్షి యెంతటిది, ద్వార మెంత యుండవలెను, వాననీరు లోనికి దిగకుండ కప్పు ఎట్లు వాలవలెను అని విచారింపవలెను. చిత్రలేఖనము, గణితము, ప్రకృతిశాస్త్రము ఒక్క గూటిలో కలిసిపోయినవి. గూడు వంకరపోయినచో ఉపాధ్యాయుడు మందలింప నక్కరలేదు. చెక్కల నడుమ సందే ఆ మాట చెప్పును.

తిరిగివచ్చి జాకీర్ హుస్సేన్ 29వ యేట జామియాకు ఉపాధ్యక్షుడయ్యెను. సంస్థ ఢిల్లీలో అప్పులతో కాలము గడుపుచుండెను. ఆయనయు సహచరులును నెలకు 150 రూపాయలకు మించని జీతముతో 20 సంవత్సరములు పనిచేయుదుమని ప్రతిన పూనిరి. అచటి ప్రాథమిక పాఠశాలలో పిల్లలే చిన్న బ్యాంకును, అంగడిని నడపిరి, కోళ్లను పెంచిరి.

1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ విద్యావేత్తల సభ జరిపెను. చేతిపని మూలముగా చదువు నేర్పవలెననియు, పిల్లలు చేసిన వస్తువుల వెలతో ఉపాధ్యాయుల జీతము గడవవలెననియు ఆయన ఆశయము. మొదటి మాటకు జాకీర్ హుస్సేన్ మనసార ఒప్పుకొనెను. రెండవ మాటకు జంకెను. ఆ పద్ధతి లోకమునకు పూర్తిగా క్రొత్తది కాదనియు, రాబడిపై దృష్టి నిలిచినచో పిల్లలచే వెట్టి చేయింతురనియు గాంధీజీ యెదుటనే నిర్భయముగా చెప్పెను. గాంధీజీ కోపింపలేదు. పథకమును వ్రాయు సంఘమునకు ఆయననే అధ్యక్షుని చేసెను.

ఆ యేడు డిసెంబరులో నివేదిక సిద్ధమయ్యెను. 7 మొదలు 14 ఏండ్ల వరకు మాతృభాషలో ఉచిత విద్య. దినమునకు అయిదున్నర గంటల బడిలో 3 గంటల 20 నిమిషములు చేతిపని. తకిలీని చూడుడు. పిల్లవాడు ప్రత్తి గింజలు తీసి, దూది నేకి, ఏకులు చేసి నూలు వడుకును. నల్లరేగడిలో ప్రత్తి యేల పండును? తకిలీ అడుగున బరువైన బిళ్ల యేల? పురి యెక్కిన నూలునకు బల మెట్లు వచ్చును? పోగుల నెన్నుట లెక్క. అంచున కందమైన రంగులు కూర్చుట కళ. ప్రశ్న పుట్టనిచో మిగులునది వడుకుట మాత్రమే.

జాకీర్ హుస్సేన్ శంకించినట్లే కొంత జరిగెను. పెక్కు పాఠశాలలలో పోగుల లెక్క మిగిలెను, ప్రశ్నలు మాయమయ్యెను. ఆ పద్ధతి అమలైన తీరుపై ఆయనయే తన అసంతృప్తిని దాచుకొనలేదు.

ఆయన పిల్లలకు కథలును వ్రాసెను. స్వేచ్ఛకై తోడేలుతో పోరాడిన అబ్బూఖాన్ మేక కథ అందు ప్రసిద్ధము. గులాబీలు, వింతరాళ్లు, అందమైన చేవ్రాత ఆయనకు ప్రీతి. 1967లో రాష్ట్రపతి యైన ఆయన 1969 మే 3వ తేదీన, పదవిలో నుండగనే మరణించెను. తాను యౌవనమంతయు ధారపోసిన జామియా ఆవరణముననే ఆయనను సమాధి చేసిరి.