ఓమ్ సొంతంగా చేసుకున్న మీటర్

మల్టీమీటర్ డయల్ మీద గుర్రపు నాడా లాంటి గుర్తు ఒకటి ఉంటుంది కదా, అదే ఓమ్ గుర్తు. ఓమ్స్ లా మనందరం ఇంటర్‌లో బట్టీ కొట్టినదే. ఆ ఓమ్ ఎవరో మాత్రం నేను ఈ మధ్యే చదివాను. ఇంట్లో చిన్న చిన్న ఆర్డుయినో ప్రాజెక్టులకి తక్కువ ధరలో ఏ మీటర్ కొనాలా అని వెతుకుతూ అటు వెళ్లాను. మీటర్ ఎలా ఎంచుకోవాలో అతని జీవితంలోనే దొరికింది.

జార్జ్ సైమన్ ఓమ్ 1789లో ఇప్పటి జర్మనీలోని ఎర్లాంగెన్‌లో పుట్టాడు. నాన్న తాళాలు చేసే మేస్త్రి. స్కూల్ చదువు పెద్దగా లేకపోయినా లెక్కలు, సైన్స్ సొంతంగా నేర్చుకుని కొడుకులకి చెప్పాడు. ఓమ్‌కి పదేళ్లప్పుడు అమ్మ చనిపోయింది.

1805లో యూనివర్సిటీలో చేరాక మనవాడు డ్యాన్సులు, బిలియర్డ్స్, ఐస్ స్కేటింగ్‌లో పడిపోయాడు. నాన్నకి ఒళ్లు మండి చదువు మాన్పించి స్విట్జర్లాండ్ పంపేశాడు. అక్కడ పిల్లలకి లెక్కలు చెబుతూ తను కూడా చదువుకున్నాడు. వెనక్కొచ్చి 1811లో డాక్టరేట్ తీసుకున్నాడు. తర్వాత కొన్నేళ్లు చాలీచాలని జీతంతో టీచర్ ఉద్యోగాలు. 1817లో కొలోన్‌లోని ఒక స్కూల్లో చేరాడు. అక్కడ మంచి ఫిజిక్స్ ల్యాబ్ ఉంది.

తీగ పొడవు పెరిగితే కరెంటు ఎంత తగ్గుతుంది అన్నది అతని ప్రశ్న. ఇప్పట్లా షాపుకెళ్లి మీటర్ తెచ్చుకునే రోజులు కావు. అయస్కాంత సూదిని వేలాడదీసి, కరెంటుకి అది పక్కకి తిరిగితే, పైనుంచి మెలితిప్పి మళ్లీ మొదటి చోటికి తెచ్చేవాడు. ఎంత మెలి పడిందో అదే రీడింగ్. తాళాల మేస్త్రి కొడుకు కాబట్టి చేతిపని బాగా వచ్చు.

1825లో బ్యాటరీతో కొలిచి, ఒక లాగరిథమ్ ఫార్ములా అచ్చు వేయించాడు. అది తప్పు. అప్పటి బ్యాటరీలు కరెంటు పారడం మొదలవగానే నీరసపడేవి. పోగెండార్ఫ్ అనే పత్రిక ఎడిటర్, థర్మోకపుల్ వాడి చూడమన్నాడు. ఓమ్ రాగిని బిస్మత్‌తో కలిపి, ఒక అతుకు మరిగే నీళ్లలో, ఇంకో అతుకు మంచులో పెట్టాడు. రెండు టెంపరేచర్లూ మారవు కాబట్టి వోల్టేజ్ కూడా మారదు. 2 అంగుళాల నుంచి 130 అంగుళాల దాకా ఎనిమిది రాగి తీగలు మార్చి మార్చి కొలిచాడు. 1826లో సరైన సూత్రం వచ్చింది.

మన చవక మీటర్‌కి కూడా ఇదే జబ్బు. రెండు మూడొందలకి దొరికే పసుపు రంగు మీటర్‌లో 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. అది దిగిపోతే చాలావాటిలో రీడింగ్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. అందుకే కొనేటప్పుడు ఎన్ని రేంజులున్నాయో కాదు, బ్యాటరీ తగ్గితే డిస్‌ప్లే మీద గుర్తు వస్తుందా అని చూడండి. ఒక శాతం టాలరెన్స్ ఉన్న రెసిస్టర్ ఒకటి దగ్గర పెట్టుకుని అప్పుడప్పుడు కొలవండి, మీటర్‌ని నమ్మొచ్చో లేదో తెలుస్తుంది. చిన్న రెసిస్టెన్స్ కొలిచే ముందు రెండు ప్రోబులూ ఆనించి, చూపించినంత తీసేయండి. అది వైర్ల రెసిస్టెన్స్. సర్క్యూట్‌లో పవర్ తీసేసే కొలవండి, ఎందుకంటే మీటర్ తన కరెంటే పంపి కొలుస్తుంది. కంటిన్యుటీ బజర్ ఉంటే బ్రెడ్‌బోర్డ్ పని సగం తేలికవుతుంది. కెపాసిటర్లు కూడా కొలవాలంటే ఆ రేంజ్ ఉన్నది, కొంచెం ఎక్కువ పెట్టి కొనాల్సిందే. చవక మీటర్లలో 10 ఆంపియర్ల సాకెట్‌కి చాలాసార్లు ఫ్యూజ్ ఉండదు. వాటిని ఇంటి కరెంటు ప్లగ్గు దగ్గరికి తీసుకెళ్లొద్దు. రెసిస్టర్లు, డయోడ్లు, బ్యాటరీ సర్క్యూట్లకైతే అవి చాలు.

ఓమ్‌కి మాత్రం కొలత సరిగ్గా వచ్చినా కష్టాలు తీరలేదు. 1827లో తన సిద్ధాంతమంతా పుస్తకంగా వేశాడు. దాంతో యూనివర్సిటీ ఉద్యోగం వస్తుందని ఆశ. ఫిజిక్స్‌ని అంత లెక్కలతో చెప్పడం అక్కడ చాలామందికి నచ్చలేదు. కొలోన్ ఉద్యోగం వదిలేసి, బెర్లిన్‌లో కొన్నేళ్లు ఇబ్బందిగా గడిపాడు. 1833లో నూరెంబర్గ్ పాలిటెక్నిక్‌లో పని దొరికింది. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ మెడల్ ఇచ్చాక గానీ సొంత దేశం పెద్దగా పట్టించుకోలేదు. 1852లో మ్యూనిక్ యూనివర్సిటీలో ఫిజిక్స్ ప్రొఫెసర్ అయ్యాడు. పుస్తకం వచ్చిన పాతికేళ్లకి! ఆ కుర్చీలో రెండేళ్లే ఉన్నాడు, 1854లో చనిపోయాడు. పెళ్లి చేసుకోలేదు.

1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ సభ వోల్ట్, ఆంపియర్‌తో పాటు ఓమ్‌ని కూడా యూనిట్‌గా ఒప్పుకుంది. యూనివర్సిటీ ఉద్యోగం కోసం పాతికేళ్లు తిరిగిన మనిషి పేరు ఇప్పుడు అతి చవక మీటర్ మీద కూడా ఉంటోంది.