కశ్మీర్ కొండల చిక్కుముడి విప్పిన వాడియా

కింది పొర పాతది, పై పొర కొత్తది. భూగర్భశాస్త్రంలో తొలి పాఠమిదే. పీర్ పంజాల్ దక్షిణ వాలుల్లో ఆ పాఠం తలకిందులైంది. ప్రాచీన శిలలు పైన, వాటికంటే ఎంతో తరువాతి మర్రీ ఇసుకరాళ్లు కింద. పొరలు మడతపడి తిరగబడ్డాయా, లేక పాత శిలలు పెద్ద పలకగా తరలివచ్చి కొత్తవాటిపైకి ఎక్కాయా? ఆల్ప్స్‌లోని గ్లారస్ శిలలపై ఐరోపా పండితులు దశాబ్దాలపాటు వాదించుకున్న ప్రశ్నే ఇది. హిమాలయాల్లో దానికి కాలినడకన సమాధానం వెదికినవారు దారాషా నోషెర్వాన్ వాడియా.

1883 అక్టోబరు 25న సూరత్‌లో జన్మించిన ఆయన 1907లో జమ్మూలోని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ కళాశాలలో అధ్యాపకులయ్యారు. సెలవులన్నీ కొండల్లోనే. శివాలిక్ గుట్టల్లో ఏనుగు జాతి ప్రాచీన జీవి దంతశిలాజాన్ని కనుగొన్నారు. 1919లో వెలువడిన ఆయన భారత భూగర్భశాస్త్ర గ్రంథం దశాబ్దాలపాటు విద్యార్థులకు ప్రధాన ఆధారమైంది. 1921లో భారత భూగర్భ సర్వే సంస్థలో చేరేనాటికి ఆయనకు విదేశీ పట్టా లేదు.

1931 నాటి పరిశోధనపత్రం ఆయన పేరును నిలబెట్టింది. నంగా పర్బత్ వద్ద హిమాలయ శ్రేణి ఒక్కసారిగా దక్షిణానికి మలుపు తిరుగుతుంది. ఆ వంపుకు ఇరువైపులా అవే శిలలు, అదే క్రమంలో, అవే భ్రంశరేఖల వెంట సాగడాన్ని వాడియా గుర్తించారు. ద్వీపకల్ప శిలాఖండం ఉత్తరానికి చాచిన నాలుక అడ్డుపడగా శ్రేణులు దాని చుట్టూ వంగాయని, కశ్మీర్ లోయ అవక్షేపాలను వీపున మోసుకొని ఒక భారీ శిలాపలక దక్షిణానికి జరిగిందని ప్రతిపాదించారు. పలక అడుగున ఉన్న సల్ఖలా శిలల్లో వయస్సు చెప్పే శిలాజాలు లేవు. సందేహించేవారికి అదే ఆయుధం. గఢ్వాల్‌లో జాన్ ఆడెన్ 1937లో ఇటువంటి పలకలనే చూపినా, శిలలు పుట్టినచోటే ఉన్నాయన్న వాదం తరువాతి తరంలోనూ వినిపించింది. తెలుగు నేలకూ ఈ ప్రశ్న కొత్తది కాదు: కడప శిలలపైకి తూర్పు నుంచి నెల్లూరు ప్రాచీన శిలలు ఎక్కివచ్చాయి.

ఆ 1931 సెప్టెంబరు 16నే, తెలుగు రైల్వే కుటుంబాలకు చిరపరిచితమైన ఖరగ్‌పుర్ పక్కన, హిజ్లీ నిర్బంధ శిబిరంలో పోలీసు కాల్పులకు ఇద్దరు ఖైదీలు బలయ్యారు. 1951లో అదే భవనంలో తొలి ఐఐటీ ప్రారంభమైంది. భూగర్భశాస్త్రం అక్కడి తొలి విభాగాల్లో ఒకటి.

వాడియా 1957లో రాయల్ సొసైటీ సభ్యులయ్యారు. హిమాలయ భూగర్భశాస్త్ర సంస్థ 1968లో ఢిల్లీలో ఏర్పడింది. మరుసటి ఏడాది జూన్ 15న ఆయన కన్నుమూశారు. ఆయన పేరు ధరించిన ఆ సంస్థ 1976లో దెహ్రాదూన్‌కు తరలింది.