ఆందోలు బాలుడు మఖ్దూం

ఉర్దూ, తెలుగు విద్యార్థులు ఒకే ప్రాంగణంలో చదువుకొనే మన కళాశాలలో మఖ్దూం మొహియుద్దీన్ పేరు విననివారు అరుదు. ఆయనను మహాకవిగా, కార్మిక నాయకునిగా అందరమూ ఎరుగుదుము. అయితే ఆ మహావృక్షానికి వేళ్ళు ఎక్కడ నాటుకొన్నవో తెలుసుకొనడం విద్యార్థులకు మరింత ప్రయోజనకరమని తలచి ఈ వ్యాసానికి పూనుకొన్నాము.

మఖ్దూం 1908 ఫిబ్రవరి 4వ తేదీన, నాటి నిజాం రాజ్యంలోని మెదక్ జిల్లా ఆందోలులో జన్మించారు. నేడది సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. తండ్రి గౌస్ మొహియుద్దీన్ చిరుద్యోగి. మఖ్దూం పసితనంలోనే ఆయన కాలధర్మం చెందారు. తల్లి పునర్వివాహం చేసుకొన్నారు. పినతండ్రి బషీరుద్దీన్ ఆ బాలుని చేరదీసి పెంచారు.

తండ్రి లేని బిడ్డ అన్న జాలితో పినతండ్రి మఖ్దూంను సోమరిగా పెంచలేదు. ఆ ఇంట దైవభక్తి ఎంతయో, క్రమశిక్షణ అంత. ఖురాన్ పఠనంతోపాటు మసీదు ఊడ్చడం, నీరు తెచ్చి నింపడం ఆ బాలుని నిత్యకృత్యాలు. మన దృష్టికి ఇవి చిన్న పనులు. కాని నమాజుకు వచ్చేవారు వజూ చేసుకొనే వేళకు నీరు లేకపోతే ఇబ్బంది ఊరందరిదీ. తాను చేయవలసిన పని చేయకుంటే నష్టపోయేది ఇతరులన్న సత్యాన్ని ఆ బాలుడు గ్రంథాలలో చదవడానికి ముందే చేతులతో నేర్చుకొన్నాడని మేము భావిస్తున్నాము.

బషీరుద్దీన్ లోకజ్ఞానం గలవారు. 1917లో రష్యాలో విప్లవం వచ్చినదనీ, అక్కడ రాజు, పేద అన్న భేదం లేక అందరూ ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చుండి భుజిస్తారనీ ఆయన ఇంట్లో పిల్లలకు చెప్పేవారు. తొమ్మిదేళ్ళ బాలుని మనస్సులో ఆ మాట విత్తనమై పడినది.

సంగారెడ్డిలో ఉన్నత పాఠశాల విద్య పూర్తిచేసుకొని 1929 ప్రాంతంలో మఖ్దూం హైదరాబాదు చేరారు. నగరంలో అండగా నిలిచేవారు లేరు. మసీదులో తలదాచుకొన్నారు. పిల్లలకు ట్యూషన్లు చెప్పారు, బొమ్మలు అమ్మారు, పత్రికలలో పనిచేశారు. ఏ పనినీ నామోషీగా తలచలేదు. పల్లెలో నీటికుండ మోసిన భుజాలకు ఈ బరువు కొత్త కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1934లో బి.ఏ., 1936లో ఎం.ఏ. పట్టాలు పొందారు.

సిటీ కళాశాలలో అధ్యాపక పదవి లభించినది. అంతటితో తృప్తి చెంది ఉంటే ఆయన జీవితం సుఖంగా సాగిపోయేది. కాని 1941లో ఆ ఉద్యోగానికి రాజీనామా చేసి కార్మికుల పక్షాన నిలిచారు. తెలంగాణ రైతాంగ పోరాటంలో పాల్గొని అజ్ఞాతవాసమూ, కారాగారవాసమూ అనుభవించారు. 1952లో హుజూర్‌నగర్ ఉపఎన్నికలో గెలిచి శాసనసభలో ప్రవేశించారు. తరువాత శాసనమండలి సభ్యులుగానూ సేవచేశారు. ఇన్ని బాధ్యతల నడుమ 1944లో సుర్ఖ్ సవేరా, 1961లో గులే తర్, 1966లో బిసాతే రక్స్ వెలువరించారు. చివరి గ్రంథానికి 1969లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించినది. ఆ ఏడే ఆగస్టు 25న ఢిల్లీలో ఆయన కన్నుమూశారు.

ఆయన రాజకీయ మార్గాన్ని అందరూ అంగీకరించకపోవచ్చు. అయినను ఒక విషయంలో భేదాభిప్రాయానికి తావులేదు. తండ్రిని కోల్పోయిన ఆ పల్లె బాలునికి లోకంపై అలిగి కూర్చుండడానికి కారణాలు లేకపోలేదు. ఆయన అలగలేదు, అప్పగించిన పనిని నెరవేర్చారు. మొదట మసీదు పని, పిదప తన చదువు, ఆ పైన ఇతరుల ఆకలి ఆయన బాధ్యతలైనవి.

మన విద్యార్థులలో పెక్కుమంది పల్లెల నుండి వచ్చినవారే. పొలంలోనో, దుకాణంలోనో ఇంటివారికి సాయపడి, ఆ తరువాత పుస్తకం పట్టేవారు మనలో ఎందరో ఉన్నారు. ఆ శ్రమను చదువుకు అడ్డంకిగా గాక, చదువులో తొలి పాఠంగా గ్రహించగలరని ఆశిస్తున్నాము.