గర్భసంచి గుట్టు విప్పిన లియో లోబ్

గేదె ఎదకు రాకపోతే కొందరు దిష్టి తీస్తారు, కొందరు గొడ్డుమోతని కోతకు అమ్మేస్తారు. ఒక్క ఎద తప్పిందంటే ఈత మూడు వారాలు వెనక్కి పోయినట్టే. కూలి కుటుంబానికి అది చిన్న నష్టం కాదు. ఈ చిక్కులో ఒక ముడి విప్పినవాడు లియో లోబ్.

1869లో జర్మనీలోని మాయెన్ పట్టణంలో యూదు కుటుంబంలో పుట్టాడు. చిన్నతనంలోనే తల్లీ తండ్రీ పోయారు. ప్రష్యా సైనిక దురహంకారం గిట్టక జూరిచ్ వెళ్లి వైద్యం చదివాడు. తర్వాత అమెరికా చేరి, షికాగోలో మందుల షాపు వెనక గది అద్దెకు తీసుకుని ప్రయోగాలు సాగించాడు. పెద్ద భవనాలుంటేనే సైన్సు అనేవాళ్లు ఇది గమనించాలి.

అండం విడుదలైన చోట అండాశయంలో పసుపు గడ్డ ఒకటి పెరుగుతుంది. అది ఉన్నన్నాళ్లూ మళ్లీ ఎద రాదు. 1923లో లోబ్ గినీ పందుల గర్భసంచి తీసేసి చూశాడు. కొన్నాళ్లకు కరగాల్సిన గడ్డ కరగలేదు, చూడితో ఉన్నట్టే నిలిచింది! అంటే గర్భసంచి ఉత్త సంచి కాదు, అండాశయానికి కబురు పంపుతుందన్నమాట. ఆ కబురు ప్రొస్టాగ్లాండిన్ అనే పదార్థమని 1972లో గొర్రెల్లో తేలింది. లోబ్ 1959లోనే చనిపోయాడు.

ఆడవాళ్ల సంగతి వేరు, వాళ్లలో ఈ గడ్డ కరగడానికి గర్భసంచితో పనిలేదు. ఆవు గేదెల్లో మాత్రం గర్భసంచికి చీము పడితే గడ్డ నిలిచిపోయి ఎద ఆగుతుంది. పశువుల డాక్టర్లు ఇప్పుడు ఆ పదార్థాన్నే సూదిమందుగా వేస్తున్నారు. చూడి పశువుకు వేస్తే ఈసుకుపోతుంది. సూదికి ముందు చూడి పరీక్ష చెయ్యమని గట్టిగా అడగండి.