రాజుదొక భాష, కొలువుదొక భాష

1928 వ సంవత్సరము జూలై 4 వ తేదీ రాత్రి లండను నగరమందలి కోవెంట్ గార్డెన్ నాటకశాలలో ఒక విచిత్రమైన ప్రదర్శనము జరిగెను. రంగస్థలముపై రష్యా చక్రవర్తి బోరిస్ గొదునోవ్ కొలువుదీరి యుండెను. చక్రవర్తి రష్యను భాషలో పాడుచుండగా, ఆయన సామంతులు ఇటాలియను భాషలో బదులు పాడుచుండిరి. వినుచున్నవారిలో అధికసంఖ్యాకులు ఆంగ్లేయులు. వారి మాతృభాష ఆ రెండింటిలో నేదియు కాదు. ఆ రాత్రి పాడిన ఘట్టములు కొన్ని గ్రామఫోను రికార్డులపై కెక్కినవి. ఆ చక్రవర్తి వేషధారి ఫ్యోదర్ షల్యాపిన్. పరదేశములో, పరభాషా గాయకుల నడుమ ఆయన తన భాషను ఏల విడువకుండెనో తెలియవలెనన్నచో, ఆయన జీవితమును మొదటినుండియు చూడవలసి యుండును.

షల్యాపిన్ 1873 ఫిబ్రవరి 13 వ తేదీన వోల్గా తీరమందలి కజాన్ పట్టణమున జన్మించెను. తండ్రి పల్లెటూరి రైతు కుటుంబమునుండి వచ్చి, పట్టణములో గుమాస్తాగా పనిచేయుచుండెడివాడు. అతడు త్రాగుడునకు లోబడినవాడగుటచే ఇంట దారిద్ర్యమును, దెబ్బలును తప్పకుండెను. బాలుడు కొంతకాలము చెప్పులు కుట్టువానియొద్దను, మరికొంతకాలము తరిమెన పనివానియొద్దను శిష్యరికము చేసెను. తరువాత కాగితములకు నకళ్లు వ్రాయుచు జీవించెను. బడిచదువు స్వల్పమే. సంగీతమున ఆయనకు తొలి పాఠశాల చర్చియందలి బృందగానము. 1890 లో, పదునేడేండ్ల వయసున, ఉఫా పట్టణమందలి నాటకబృందములో బృందగాయకుడుగా చేరెను.

అటుపిమ్మట ఊరూర తిరుగుచు, పస్తులుండుచు, టిఫ్లిస్ నగరమును చేరెను. అదియే నేటి జార్జియా రాజధాని త్బిలీసీ. అచ్చట ద్మిత్రీ ఉసాతోవ్ అను సంగీతోపాధ్యాయు డుండెను. ఆయన పూర్వము మాస్కోలోని బల్షోయ్ నాటకశాలలో గాయకుడు. ఈ బీదయువకుని కంఠమును విని, ఒక్క కాసైనను పుచ్చుకొనక 1892 నుండి ఆయనకు విద్య గరపెను. షల్యాపిన్‌కు క్రమముగా లభించిన గానశిక్ష యిది యొక్కటియే. ఒక ఉపాధ్యాయుని ఔదార్యము లేకున్నచో ఆ గొంతు ఏ సత్రములోనో, ఏ రేవులోనో అడగిపోయి యుండెడిది.

1895 లో ఆయనకు సెయింట్ పీటర్స్‌బర్గులోని మారీన్‌స్కీ రాజనాటకశాలలో ప్రవేశము దొరకెను. కాని ఆయన ప్రతిభ వికసించినది మరుసటి యేట మాస్కోలో సావా మామొంతోవ్ అను శ్రీమంతుని ప్రైవేటు నాటకసంస్థలో చేరిన పిమ్మటనే. అచ్చట చిత్రకారులును, సంగీతవేత్తలును కలిసిమెలిసి పనిచేయుచుండిరి. షల్యాపిన్‌తో సమవయస్కుడైన రహ్మానినోవ్ అచ్చట వాద్యబృందమును నడపుచుండెను. ఆయన తోడ్పాటుతో షల్యాపిన్ 1898 వేసవిలో బోరిస్ గొదునోవ్ పాత్రను అధ్యయనము చేసెను. చరిత్రకారుడైన క్ల్యుచేవ్‌స్కీవలన ఆ కాలపు రాజకీయములను అడిగి తెలిసికొనెను. ఆ సంవత్సరము డిసెంబరులో మాస్కోలో తొలిసారి ఆ కిరీటమును ధరించెను.

ఈ నాటకమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. ఒపెరా యనగా గాననాటకము. మన పద్యనాటకములో పద్యమును పాడుదురు, వచనమును పలుకుదురు. ఒపెరాలో సాధారణముగా సంభాషణ యంతయు గానమే. బోరిస్ గొదునోవ్ కథను పుష్కిన్ నాటకముగా వ్రాసెను. దానిని ముసోర్గ్‌స్కీ గాననాటకముగా మలచెను. 1874 లో అది సెయింట్ పీటర్స్‌బర్గున తొలిసారి ప్రదర్శింపబడెను. బాలరాకుమారుని చంపించి సింహాసన మెక్కినాడన్న అపవాదు బోరిస్‌పై కలదు. నాటకములో ఆ పాపభయమే చక్రవర్తిని క్రమముగా దహించివేయును. ముసోర్గ్‌స్కీ ఇందులో అందమైన రాగములకై వెదకలేదు. రష్యను మనుష్యుడు కోపించినపుడు, భయపడినపుడు, బతిమాలినపుడు మాట ఎట్లు లేచి పడునో దానినే స్వరములలో బంధించెను. కావున ఇందు మాటను మార్చినచో పాటయే కొంత మారును.

షల్యాపిన్ ఇతర భాషలను నిరసించినవాడు కాడు. 1901 లో మిలాను నగరమందలి లా స్కాలా నాటకశాలలో, తోస్కానీనీ సారథ్యమున, బొయితో రచించిన మెఫిస్తోఫెలె గాననాటకమును ఇటాలియనులోనే పాడి ఇటాలియనులను మెప్పించెను. ఫ్రెంచి సంగీతకర్త మాస్నే ఆయన కొఱకై రచించిన డాన్ క్విక్సోట్‌ను 1910 లో మాంటి కార్లోలో ఫ్రెంచిలో పాడెను. 1933 లో పాబ్‌స్ట్ అను దర్శకుడు అదే కథను వేర్వేరు భాషలలో చలనచిత్రములుగా తీసినపుడు, ఫ్రెంచి ప్రతిలోను, ఇంగ్లీషు ప్రతిలోను ఈయనయే నాయకుడు. అయినను బోరిస్ సంగతి వేరు. 1908 లో ద్యాగిలేవ్ పారిస్ నగరమునకు ఈ నాటకమును కొనిపోయినపుడు రష్యను గాయకులందరు రష్యనులోనే పాడిరి. న్యూయార్కు మెట్రోపాలిటన్‌లో 1913 నుండి దీనిని ఇటాలియనులో పాడుచుండిరి. 1921 లో షల్యాపిన్ అచ్చటికి పోయి, తోడివారు ఇటాలియనులో పాడుచుండగా, తాను రష్యనులో పాడెను.

ఇంతలో ఆయన జీవితము రెండుగా చీలెను. విప్లవానంతరము 1918 లో సోవియటు ప్రభుత్వము ఆయనకు ప్రజా కళాకారు డను బిరుదు నిచ్చెను. 1922 లో ఆయన విదేశయాత్రకై వెడలి మరల రాలేదు. పారిస్‌లో బీదస్థితిలో నున్న రష్యను ప్రవాసుల బిడ్డలకు కొంత ధన మిచ్చెనన్న కారణమున 1927 లో ఆ బిరుదును తీసివేసిరి. లండను రికార్డులు ఆ మరుసటి సంవత్సరమునవి. వానిని విన్నపుడు ఈ సంగతి మనస్సునకు రాకమానదు. దేశము లేదు, బిరుదు లేదు. మిగిలినది భాష యొక్కటియే.

ఆనాటి రికార్డు ఒక వైపున నాలుగైదు నిమిషముల గానము మాత్రమే పట్టెడిది. అందుచే ఆ రాత్రి ప్రదర్శనలో మనకు దక్కినవి ముక్కలే. అయినను అవి చాలును. చక్రవర్తి చనిపోయిన బాలుని ఛాయను గదిమూలలో చూచి వెఱచు ఘట్టములో షల్యాపిన్ స్వరమునుండి మాటలోనికి, మాటనుండి ఊపిరిలోనికి జారిపోవును. ఇటాలియను భాష మన తెలుగువలె అచ్చులతో ముగియు పదములు గలది. అందలి పాట సాగదీయుటకు అనువైనది. రష్యను పదములు పెక్కు హల్లులతో ముగియును. అవి తటాలున తెగును. కొలువువారి సమాధానములు నునుపుగా ప్రవహించుచుండ, రాజుమాట ముక్కలై రాలును. ఆ భేదము చెవికి స్పష్టముగా తెలియును.

మరి ఇతర భాషలలో ఈ నాటకమును పాడినవారు తప్పు చేసిరా? అట్లనరాదు. ఇటాలియను గాయకుడు ఎజియో పీంజా 1939 లో న్యూయార్కున తన భాషలో పాడిన గానము రికార్డై యున్నది. 1953 లో ఆ నాటకశాలవారే దీనిని ఇంగ్లీషులో ప్రదర్శించిరి. 1957 లో హాన్స్ హోటర్ జర్మనులో రికార్డు చేసెను. కథ తెలియని ప్రేక్షకునికి మాట తెలియుటయు అవసరమే గదా! అనువాదము అర్థమును దగ్గరకు తెచ్చును. మూలము ఉచ్ఛ్వాసమును కాపాడును. రెండింటికిని ప్రయోజనము కలదు. కాని 1952 లో బల్గేరియా గాయకుడు బోరిస్ క్రిస్తోఫ్ ఈ నాటకమును రష్యనులో రికార్డు చేసి, మూడు పాత్రలను తానే పాడెను. కాలక్రమమున ప్రపంచ మంతట రష్యనులో పాడుటయే వాడుక అయ్యెను. ఒంటరిగా ఒక్క గొంతు నడచిన దారి రాజమార్గ మయ్యెను.

షల్యాపిన్ 1938 ఏప్రిల్ 12 వ తేదీన పారిస్‌లో రక్తసంబంధమైన వ్యాధితో మరణించెను. 1984 లో ఆయన అస్థికలను మాస్కోకు కొనిపోయి నొవొదేవిచీ శ్మశానవాటికలో సమాధి చేసిరి. 1991 లో బిరుదును మరల నిచ్చిరి. దేశము ఆయనను తిరిగి చేర్చుకొనుటకు అర్ధశతాబ్ది పట్టెను. ఆయన భాష మాత్రము ఆయనను ఏనాడును విడిచిపోలేదు. ఉపాధ్యాయులు వీలైనచో బోరిస్ మరణఘట్టమును రెండు భాషల రికార్డులలో విద్యార్థులకు వినిపింపవలెను. ఏ భాషయు రాకున్నను, తండ్రి కుమారునికడ సెలవు తీసికొనుచున్నాడని వారు గ్రహింతురు. ఏ రికార్డులో ఆ సెలవు మాటాడుచున్నట్లున్నదో, ఏ రికార్డులో పాడుచున్నట్లున్నదో వారినే చెప్పుమనవలెను.