ఎవరు దొంగ?



టీవీలో పాత తెలుగు చిత్రం వస్తున్నప్పుడు మీ ఇంట్లోని పెద్దవారిని గమనించండి. దట్టమైన మీసంతో, వంకర నవ్వుతో ఒక మనిషి తెరమీదికి రాగానే, కథ ఇంకా మొదలవకముందే తప్పు చేసేది ఇతడేనని తీర్పు చెప్పేస్తారు. ఆ మనిషి రాజనాల. డోన్, నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలలో నేల టిక్కెట్టు కొని సినిమాలు చూసిన తరానికి ఆయనను పరిచయం చేయనక్కరలేదు. ఆయన జీవితం మాత్రం చాలామందికి తెలియదు. ఈ వారం దానిని చెప్పుకుందాం.

రాజనాల కాళేశ్వరరావు గారు 1925లో నెల్లూరు జిల్లా కావలిలో జన్మించారు. నెల్లూరు కలెక్టరు కార్యాలయంలో గుమాస్తాగా పనిచేశారు. పగలు ఫైళ్లు, సాయంత్రం నాటకాల రిహార్సళ్లు. లక్ష్మీకుమార్ రెడ్డి, ఆ తర్వాత హాస్యనటుడిగా పేరుపొందిన రమణారెడ్డి వంటి మిత్రులతో కలిసి నాటకాలు వేసేవారు. వాటిలో ఆచార్య ఆత్రేయ రచించిన ‘ఎవరు దొంగ’ ఒకటి. అధికారుల తప్పులను ఎత్తిచూపే నాటకం అది. కలెక్టరాఫీసులో జీతం తీసుకునే గుమాస్తా రంగస్థలం మీద నిలబడి అధికారులను వేలెత్తి చూపితే పైవారు ఊరుకుంటారా? మూడు నెలలపాటు ఆయనను ఉద్యోగం నుండి సస్పెండు చేశారు. ముందుముందు ఎందరో దుర్మార్గుల వేషాలు వేయబోయే ఈ నటునికి, వేషం కారణంగా పడిన శిక్ష అన్యాయాన్ని ప్రశ్నించిన నాటకం వల్ల పడిందే!

ఆ తర్వాత మిత్రుల ప్రోత్సాహంతో మద్రాసు చేరుకున్నారు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’కు దర్శకత్వం వహించిన హెచ్.ఎం. రెడ్డి గారు నిర్మించిన ‘ప్రతిజ్ఞ’ చిత్రంలో, 1953లో, ప్రతినాయకుడిగా తెరకు పరిచయమయ్యారు. అందులో కథానాయకుడు కాంతారావు. ఇక అప్పటినుండి రాజనాల అంటే ప్రతినాయకుడే. వందలాది చిత్రాలలో కుట్రలు పన్నారు, కత్తులు దూశారు, చివరికి ఓడిపోయారు. 1961లో వచ్చిన ‘జగదేకవీరుని కథ’లో పరుల భార్యలను ఆశించే రాజుగా ఆయన మనలను కోపంతో ఉడికించారు, కడుపుబ్బ నవ్వించారు కూడా. చెడుగు ఎంత భయంకరమో, ఎంత వెర్రిదో ఒకే వేషంలో చూపించిన గొప్ప నటుడాయన.

1967లో ఎ.వి.ఎం. వారి ‘అవే కళ్లు’ వచ్చింది. కృష్ణ, కాంచన నటించిన హత్యా పరిశోధన చిత్రమది. హంతకుని కళ్లు కనిపిస్తాయి, మనిషి ఎవరో తెలియదు. ఇటువంటి చిత్రంలో రాజనాల కూడా ఉన్నారంటే ప్రేక్షకుని అనుమానం ముందు ఎటు పోతుంది? డిటెక్టివు కథలు అల్లేవారికి మన ఈ బలహీనత బాగా తెలుసు. అనుమానం కలిగించే ముఖాన్ని ఒకదానిని మన ముందు నిలబెడతారు. మనం దానినే చూస్తూ కూర్చుంటాం. అసలు దోషి మన పక్కనుండే నింపాదిగా నడిచిపోతాడు. అసలు హంతకుడెవరో నేను చెప్పను, చిత్రం చూడనివారు చూసి తెలుసుకోండి.

సినిమాలో ఈ పొరపాటు వినోదం. ఊరిలో అది పాపం. పుట్టిన కులాన్నిబట్టి మనుషులను దొంగలుగా రాసిపెట్టుకున్న నేరస్థ జాతుల చట్టం మన దేశంలో 1871 నుండి ఉండేది. 1952లో దానిని రద్దు చేశారు. కాని ఆ అలవాటు మనలో రద్దయిందా? ఇంట్లో ఉంగరం కనబడకపోతే మన చూపు ముందు పనిమనిషి మీదికే పోతుంది. అబద్ధ సాక్ష్యం పలుకరాదన్న ఎనిమిదవ ఆజ్ఞ మన నోటికి ఎంతో, ఆధారం లేకుండా మనసులో చెప్పే తీర్పుకూ అంతే.

రాజనాల గారి చివరి రోజులు బాధాకరం. చక్కెర వ్యాధి ఆయనను పట్టుకుంది. 1995లో అరకులోయలో ‘తెలుగు వీర లేవరా’ చిత్రీకరణలో కాలికి గాయమైంది. ఆ గాయం మానలేదు. హైదరాబాదు నిమ్స్‌లో కాలు తీసివేయవలసి వచ్చింది. ఒకప్పుడు గుర్రాలెక్కి కత్తియుద్ధాలు చేసిన మనిషి ఆర్థిక ఇబ్బందులు కూడా అనుభవించారు. 1998 మే 21న కన్నుమూశారు. తెరమీద ఆయన ఓడిపోయినప్పుడల్లా చప్పట్లు కొట్టిన మనలో, నిజంగా కష్టాలలో ఉన్నప్పుడు ఆయనను తలచుకున్నవారెందరు?

ఇకముందు మీ ఇంట్లో ఏదైనా వస్తువు పోతే, ఒకరి పేరు మీ నాలుక మీదికి రాకముందు ఒక్క నిమిషం ఆగండి. నేను కళ్లారా చూసినదేమిటి, ఊహించుకున్నదేమిటి అని మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి. పిల్లల ఎదుట ఆ ప్రశ్న పైకే అడగండి, వారూ నేర్చుకుంటారు.