తెలుగు క్రైస్తవ పాటకు ప్రాణం పోసిన పురుషోత్తమ చౌదరి గారు

గ్రూప్స్ పరీక్షల కోచింగ్ కోసం మన పిల్లలు ఎందరో అశోక్‌నగర్‌లో గదులు అద్దెకు తీసుకుని ఉంటున్నారు. పగలంతా చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో చదువుకుంటారు. వారిలో క్రైస్తవులైన వారు ఆదివారం పొద్దున్నే నారాయణగూడ వైపు చర్చికి వెళ్తారు. అక్కడ చేతికి అందే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం వారికి కొత్తది కాదు. మందస, సీతంపేట కొండల్లోని చిన్న చర్చిల్లో తల్లిదండ్రులు డప్పు కొట్టి పాడేది కూడా ఆ పుస్తకంలోని పాటలే. చాలా పాటల చివర చిన్న అక్షరాల్లో ఒక పేరు కనిపిస్తుంది. పురుషోత్తమ చౌదరి. పాట నోటికి వచ్చినవారు వేలమంది ఉన్నా, ఆ మనిషి ఎవరో తెలిసినవారు తక్కువ. ఆయన మన కొండల కింది ఊళ్లలో పుట్టినవారే కనుక ఈ సంచికలో ఆయనను తలుచుకోవడం మన ధర్మం.

చౌదరి గారు 1803 సెప్టెంబర్ 5న జన్మించారు. అప్పటి గంజాం జిల్లాలో, పర్లాకిమిడికీ పలాసకూ నడుమనున్న తర్లాకోట ప్రాంతం వారి స్వస్థలం. తండ్రి కూర్మనాథ చౌదరి, తల్లి సుభద్ర. పూర్వీకులు వంగదేశం నుంచి వచ్చి స్థిరపడిన బ్రాహ్మణులు. ఇంట్లో సంస్కృతం, ఊళ్లో తెలుగు, పక్క ఊళ్లో ఒడియా, కొండెక్కితే సవర భాష వినిపించే నేల అది. జయదేవుని అష్టపదులు, ఒడియా భజనలు, తెలుగు యక్షగానాలు అన్నీ అక్కడ కలిసి మోగేవి. ఆ నాదాల మధ్య పెరిగిన కుర్రవాడికి పద్యం, రాగం, తాళం చిన్ననాడే పట్టుబడ్డాయి.

ఆయన వయసుకు వచ్చేసరికి తెలుగులో క్రైస్తవ గ్రంథాలు అప్పుడప్పుడే అచ్చవుతున్నాయి. 1805లో లండన్ మిషన్ తరఫున జార్జ్ క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్నం వచ్చారు. ఆనందరాయర్ అనే పండితుని సహాయంతో సువార్తల అనువాదం మొదలుపెట్టారు. 1809లో క్రాన్, మరుసటి ఏడాది డెస్ గ్రాంజెస్ చనిపోయారు. వారి తర్వాత ప్రిచెట్ చేసిన కొత్త నిబంధన తెలుగు అనువాదం 1818లో మద్రాసులో అచ్చయింది. అలా పుట్టిన పుస్తకాలు, కరపత్రాలు చేతులు మారుతూ ఉత్తరాంధ్ర పల్లెలకు చేరాయి. అలాంటిదొకటి చౌదరి గారి కంటబడింది. ముక్తి మార్గం కోసం అప్పటికే వెతుకుతున్న మనిషి కావడంతో చదివి ఊరుకోలేకపోయారు. శ్రీకాకుళంలో ఉన్న హెలెన్ నాట్ అనే దొరసానిని కలిసి, సందేహాలు తీర్చుకున్నారు.

1833లో ఆయన కటకంలో బాప్తిస్మం తీసుకున్నారు. అప్పటికి వయసు ముప్పై. శ్రీకాకుళం నుంచి కటకం 300 కిలోమీటర్లకు పైగా దూరం. రైలు లేని కాలం. అయితే ఆ దారి కంటే ఇంటికి తిరిగి వచ్చే దారే ఆయనకు కష్టమైంది. జంధ్యం తీసేసిన కొడుకును అగ్రహారం మళ్లీ లోపలికి రానివ్వదు. బంధువులు వెలివేశారు. భార్య రాధామణి కూడా మొదట ఆయన వెంట వెళ్లలేదు. కొంతకాలానికి ఆమె మనసు మార్చుకుని భర్తను చేరుకున్నారు. వెలి అంటే ఏమిటో, ఊరి బావి దగ్గర అది ఎలా ఉంటుందో మనలో చాలామందికి ఎవరూ చెప్పనక్కరలేదు. పుట్టుకతో పెద్దకులం దక్కిన మనిషి దాన్ని కోరి వదులుకుని ఆ బాధ తెచ్చుకున్నారు. ఆ అనుభవం ఉంది కనుకనే కులాచార పరీక్ష అనే పుస్తకంలో కులాన్ని విమర్శించారు. నిస్తార రత్నాకరము, యేసు నాయక శతకము ఆయన ఇతర రచనల్లో ప్రసిద్ధమైనవి.

తర్వాతి జీవితమంతా ప్రయాణమే. విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాల్లో లండన్ మిషన్ వారితో కలిసి పనిచేశారు. అక్కడినుంచి తెలుగు నేలలో ఎన్నో చోట్లకు తిరిగారు. సంతల్లో, వీధి అరుగుల మీద బోధించేవారు. వినేవారిలో ఎక్కువమందికి చదువు రాదు. చదువు రానివారి దగ్గర మాట నిలవాలంటే అది పాట కావాలి. ఇది మన కొండ పెద్దలకు ఎప్పటినుంచో తెలిసిన సంగతి.

ఆయన చేసిన మేలు ఇక్కడే ఉంది. దొరల పాటలను వారి బాణీల్లోనే ఉంచి తెలుగులోకి దించితే మాటలు నలిగిపోతాయి. తెలుగులో అక్షరం పొడవును బట్టి అర్థం మారుతుంది. పరాయి బాణీ కోసం ఒక హ్రస్వాన్ని సాగదీస్తే కల కాస్తా కాల అవుతుంది. పాడేవాడికి అర్థం కాదు, వినేవాడికి అంతకన్నా కాదు. చౌదరి గారు ఆ దారి పట్టలేదు. పల్లవి, అనుపల్లవి, చరణాలతో, రాగం తాళం పేర్లతో మన కీర్తన పద్ధతిలోనే యేసు కథను పాడారు. భజన గోష్ఠిలో కూర్చున్నవాడు ఎలా పాడతాడో అలాగే పాడవచ్చు. హార్మోనియం, తాళాలు, మృదంగం ఉంటే చాలు. అవీ లేకపోతే చప్పట్లు చాలు. ఆయన రాసిన కీర్తనలు సుమారు 130 అని చెబుతారు. బాప్టిస్టు, లూథరన్, సి.ఎస్.ఐ. అనే తేడా లేకుండా అన్ని సంఘాలవారూ ఈనాటికీ వాటిని పాడుతున్నారు. 1890లో, తన 87వ ఏట ఆయన కన్నుమూశారు.

ఆయనను గౌరవిస్తూనే మనం ఒక మాట చెప్పుకోవాలి. చౌదరి గారి కీర్తనల్లో సంస్కృత పదాలు చాలా ఉన్నాయి. మన అమ్మమ్మలు వాటిని కళ్లు మూసుకుని భక్తితో పాడతారు గాని, ప్రతి మాటకూ అర్థం చెప్పమంటే నవ్వి ఊరుకుంటారు. వారు ఏడ్చేది, జోల పాడేది సవరలోనో కువిలోనో కోయలోనో. ఆ భాషల కోసం పాటుపడిన మహనీయులూ ఉన్నారు. గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో ఉన్న జాన్ కెయిన్ అనే మిషనరీ 1881 నాటికే కోయల గురించి, వారి భాష గురించి రాశారు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు గారు సవరలతో కూర్చుని వారి భాష నేర్చుకుని, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. ఈ రెండింటికీ నడుమ, 1936లో, మంగై గొమాంగో అనే సవర పెద్ద తన భాషకు తానే లిపి చేసి ఇచ్చారు.

చౌదరి గారి జీవితం నుంచి మనం నేర్చుకోవలసింది ఆయన పాటలను వల్లె వేయడం ఒక్కటే కాదు. దూరం నుంచి వచ్చిన కథను కూడా తన తల్లి భాషలో, తన ఊరి రాగంలో పాడుకోవచ్చునని ఆయన చేసి చూపించారు. ఆ పని తెలుగుకు జరిగింది. మన భాషలకు ఇంకా చాలా మిగిలి ఉంది. మన పెద్దలకు థింసా, డెంసా అడుగులు తెలుసు, పండుగ బాణీలు తెలుసు. మన పిల్లలకు చదువు వచ్చింది. ఏ మతం పాటించినా, ఏ పండుగ చేసుకున్నా, సెలవులకు ఊరు వెళ్లినప్పుడు పెద్దల నోట ఒక్క పాట విని, సొంత భాషలోనే రాసి తెచ్చుకుంటే మేలు. ఆ పాట చివర చిన్న అక్షరాల్లో అయినా సరే, పాడినవారి పేరు రాయడం మరవవద్దు. చౌదరి గారి పేరు మనకు దక్కింది అలా ఎవరో రాయబట్టే.

ఆ పదకర్తకు మన సంఘం తరఫున వినయపూర్వక నివాళి.